వాసన రాని పండగ

మా మనవరాలికి ఆటలమ్మ పోసింది. డాక్టరు అలా అనడు. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, వారం రోజులు గదిలోంచి బయటికి రానివ్వొద్దన్నాడు. పిల్ల లోపలి నుంచి తలుపు బాదుతూ "నన్ను జైల్లో పెట్టారు" అని ఏడుస్తోంది. లోపల ఫ్యానుంది, పరుపుంది, చేతిలో ఫోనుంది. పగలు కూడా లైటు వేసుకుని కూర్చుంది, అదొకటి నా ప్రాణానికి. జైలంటే ఏంటో ఈ పిల్లకేం తెలుసు?

సెలవుల్లో రాసుకు రమ్మని బళ్లో ఒక పని ఇచ్చారట. ఈ సంవత్సరం మీకు మేలు చేసినవాళ్ల గురించి ఒక పేజీ రాయాలట. "అమ్మమ్మా, నాకెవరూ ఏ మేలూ చెయ్యలేదు. నీకెవరన్నా చేసుంటే చెప్పు, అది రాసేస్తా" అంది తలుపు వెనక నుంచి. సరిగ్గా ఆ పూటే పై ఫ్లాటు వాళ్లు ఏవో వేయిస్తున్నారు. సంవత్సరం ఆఖరు కదా, పిండివంటలయ్యుంటాయి. కాగిన నూనె వాసన మా వంటింట్లోకి దిగింది. నేను లేచి వెళ్లి కిటికీ తలుపులు మూసేశాను. మా అమ్మాయి నవ్వి, "ఇంకా ఆ పట్టింపులేంటమ్మా" అంది.

పట్టింపు కాదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆ పిల్లకి తలుపు ఇవతల కుర్చీ వేసుకుని చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. అక్షరాలు వంకర పోయినా, మాట వంకర లేకుండా చూసుకుంటాను.

మాది నూజివీడు పక్క ఊరు. ఇంటి వెనక గుమ్మం దాటితే రసాల మామిడి తోటలు. అప్పుడు నాకు పదేళ్లు నిండలేదు. డిసెంబరు నెల, చెట్లు అప్పుడప్పుడే పూతకొస్తున్నాయి. నన్నూ తమ్ముణ్ణీ నాయనమ్మ దగ్గర వదిలి మా అమ్మ పురిటికి చింతలపూడి వెళ్లింది, అది ఆవిడ పుట్టిల్లు. బిడ్డ పుట్టగానే నన్ను బస్సులో తీసుకెళ్లి చూపిస్తానని నాన్న ఒట్టు పెట్టాడు. నేను అప్పటికే గౌను ఉతికి, మడిచి, తలగడ కింద పెట్టుకున్నాను. ఇస్త్రీ పెట్టె ఎవరికుంది? తల బరువే ఇస్త్రీ.

ఆ తలగడ మీదే ఒళ్లు కాలిపోతూ లేచాను. పొద్దెక్కేసరికి పొట్ట మీద నీటి పొక్కులు. మా నాయనమ్మ నా జాకెట్టు ఎత్తి చూసి, గబుక్కున చేతులు జోడించింది. నాకు కాదు, పొక్కులకి.

ఆ క్షణం నుంచి ఇల్లు మూతపడింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. బయటి వాళ్లు లోపలికి రాకూడదు, లోపలిది ఏదీ బయటికి పోకూడదు. చాకలికి బట్టలు వెయ్యలేదు. బిచ్చగాడికి పిడికెడు బియ్యం వెయ్యలేదు. తల దువ్వకూడదు. నాన్న తోటకి మందు కొట్టించే పనిలో పదిమందిలో తిరుగుతాడు గనక, ఆయన్ని కూడా చాట్రాయి వైపున్న కౌలు తోటలోనే పాకలో ఉండిపొమ్మంది నాయనమ్మ. అన్నిటికన్నా పెద్ద కట్టడి ఏంటంటే, పొయ్యి మీద మూకుడు పెట్టకూడదు. తాలింపు లేదు, వేపుడు లేదు. నూనె కాగిన వాసన అమ్మవారికి పడదు, ఆ వాసన తగిలితే పిల్ల ఒళ్లు ఇంకా పేలిపోతుందని వాళ్ల నమ్మకం. చప్పిడి పప్పు, పెరుగన్నం, సగ్గుబియ్యం జావ. పొద్దున అదే, సాయంత్రం అదే.

ఒక్క లాభం మాత్రం ఉంది. మా నాయనమ్మ నోరు తెరిస్తే తిట్టు తప్ప వేరే మాట రాని మనిషి. ఆటలమ్మ పోసినన్నాళ్లూ నన్ను తిట్టడానికి వీల్లేదు, నా లోపల తల్లి ఉంది కదా. "అమ్మా, తల్లీ, కాస్త జావ తాగమ్మా" అని బతిమాలుతుంటే నాకు మొదట భయమేసింది. తరవాత సంగతి అర్థమైంది.

"నాయనమ్మా, తల్లి బెల్లం అడుగుతోంది" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తల్లి అడుగుతోందా, నువ్వడుగుతున్నావా?"

"తల్లే."

"ఎంత అడుగుతోంది?"

"పెద్ద ముక్క."

పళ్లు నూరుకుంటూ వెళ్లి తెచ్చింది. "నీళ్లు పోయనీ తల్లీ, నీ సంగతి చెబుతా" అని గొణిగింది. నీళ్లు పోయడమంటే, పొక్కులు మాడాక వేపాకు, పసుపు వేసిన నీళ్లతో తలారా స్నానం చేయించడం. దాంతో అమ్మవారు దిగిపోయినట్టు. పిల్ల మళ్లీ మామూలు పిల్లే, తిట్లు మళ్లీ మామూలే.

నేను పడుకున్న గదికి ఒకటే కిటికీ. దాంట్లోంచి పక్కింటి గోడ, ఆ గోడ మీదుగా తోటలోకి వెళ్లే బాట కనిపించేవి. నా లోకం అంతే. దురద పుడితే గోకనివ్వరు, వేపమండతో నిమురుకోవాలి. బాట మీద బడికి వెళ్లే పిల్లలు మా ఇంటి దగ్గరికి రాగానే పరుగు లంకించుకునేవాళ్లు. పరిగెత్తడం చూస్తే నా కాళ్లు మంచం మీదే కదిలేవి.

ఒక మధ్యాహ్నం చింతలపూడి బస్సులో వచ్చిన మా బంధువు ఒకాయన వాకిట్లోనే ఆగిపోయి అరిచాడు. "పెద్దమ్మా! కోడలికి ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం!"

"సరే. ఇక్కడ సంగతి అక్కడ చెప్పొద్దు" అని నాయనమ్మ లోపలి నుంచే అరిచింది. "పచ్చి బాలింత. చెప్పావంటే పసిగుడ్డుతో సహా రేపటికి బస్సెక్కేసుద్ది. నీకు నా మీద ఒట్టు."

నేను కిటికీ ఊచలు పట్టుకుని, "నేనొస్తా, నన్ను తీసుకెళ్లు" అని ఏడ్చాను. ఆయన నా మొహం చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"నీళ్లు పోసుకున్నాక వెళ్దువుగాని తల్లీ" అంది నాయనమ్మ. నేను ఆ నీళ్ల కోసం కాచుకున్నాను. తీరా నీళ్లు పోసి, చలిమిడీ పానకం అమ్మవారికి పెట్టి, గౌను తొడుక్కున్న పూటే మా తమ్ముడు వీపు గోక్కుంటూ వచ్చాడు. నాయనమ్మ వాడి చొక్కా ఎత్తి చూసింది. మళ్లీ చేతులు జోడించింది.

ఇక వాడు తండ్రీ, నాయనా అయ్యాడు. నేను ఒసేయ్ అయ్యాను. గుమ్మానికి వేపమండలు కొత్తవి కట్టారు. ఆటలమ్మ ఉన్న ఇంట్లోంచి బాలింతరాలి దగ్గరికి వెళ్లడమా? ఆ మాటెత్తితేనే చెంపలేసుకుంది నాయనమ్మ. వాడు "తల్లి బెల్లం అడుగుతోంది" అన్నప్పుడు నాకు వాణ్ణి చంపాలనిపించింది. ఆ కిటుకు వాడికి నేర్పింది నేనే.

ఇక్కడ గోడవతల అత్త గురించి చెప్పాలి. పక్కింట్లో మాస్టారు కుటుంబం ఉండేది, క్రైస్తవులు. మాస్టారి భార్యని మేం అత్తా అని పిలిచేవాళ్లం. మా నాయనమ్మని ఆవిడ పిన్నిగారూ అనేది. మా ఇల్లు మూతపడ్డప్పటి నుంచి రోజూ పొద్దున్నే లేత వేపమండలు కోసుకొచ్చి గోడ మీద పెట్టేది.

"పిన్నిగారూ, పిల్లలకి ఎలా ఉందండీ?"

"తల్లి దయ."

"ఏమన్నా కావాలా అండీ?"

"ఏమొద్దు. నువ్వు గోడ మీద ఆనుకోమాక."

ప్రతి సంవత్సరం క్రిస్మస్‌కి వాళ్లింట్లో అరిసెలు, జంతికలు, అచ్చుతో వేసే గులాబీ పూలు వండేవాళ్లు. ఆ వాసనకి మా ఇంట్లో పిల్లలం గోడ దగ్గరే కాపురం పెట్టేవాళ్లం. పండగ నాడు తామరాకంత పళ్లెం గోడ మీదుగా మా ఇంట్లోకి దిగేది. ఆ సంవత్సరం వాళ్ల చూరుకి రంగు కాగితాల నక్షత్రం కట్టారు, దాని తోక ఒక్కటే మా కిటికీలోంచి కనిపించేది. రోట్లో పిండి దంచిన చప్పుడు కూడా వినిపించింది. కానీ వాసన రాలేదు. పండగ వచ్చింది, వెళ్లింది. పళ్లెం రాలేదు.

నాయనమ్మ రెండు రోజులు బిగబట్టుకుంది. మూడో రోజు బయటపడింది.

"పిండి దంచారు. విన్నావా లేదా?"

"విన్నా."

"మరి వండిందెక్కడ? వాసన రాకుండా వండటం కొత్త విద్య నేర్చినట్టున్నారు."

అప్పుడు నేను కిటికీలోంచి చూసిన సంగతి చెప్పాను. అత్త నెత్తిన మూకుడు, చంకలో నూనె డబ్బా, వెనకాల పుల్లల మోపుతో పిల్లలు, పొద్దున్నే తోటలోకి వెళ్లారు. సాయంత్రం గుడ్డ కప్పిన గంపతో వచ్చారు.

ఆవిడ మొహం నల్లబడింది. "అదీ సంగతి. ఎక్కడ మనకి పెట్టాల్సొచ్చుద్దోనని తోటలో వండుకున్నారు. మన పళ్లెం వాళ్లింట్లోకి వస్తే రోగం అంటుకుంటదని. ఇన్నేళ్లు గోడకి గోడ ఉన్నాం. వెలేశారు చూడు."

"తెచ్చినా నువ్వు లోపలికి రానివ్వవుగా?" అన్నాను.

"నేను వద్దనాలే! వాళ్లు తేవాలి, నేను వద్దనాలి. అదీ పద్ధతి."

మర్నాడు అత్త గోడ మీద పెట్టిన వేపమండలు సాయంత్రం దాకా అక్కడే వాడిపోయాయి. "పిన్నిగారూ" అన్న పిలుపుకి లోపలి నుంచి దగ్గు తప్ప జవాబు వెళ్లలేదు. మాతో మాట్లాడే బయటి గొంతు అదొక్కటే మిగిలింది మాకు. అదీ పోయింది. ఇల్లు ఇంకొంచెం ఇరుకైంది.

నేను తట్టుకోలేకపోయాను. మర్నాడు అన్నాలయ్యాక తమ్ముడి పక్కన నాయనమ్మ చాప మీద వాలి, విసనకర్ర చేతిలోంచి జారిపోయేలా నిద్రపోయింది. నేను గౌను వేసుకుని, వెనక గుమ్మం గడియ తీసి, తోటలోకి దిగాను. తోటకి అడ్డంపడి వెళ్తే బస్సు రోడ్డు వస్తుంది. చింతలపూడి బస్సు ఎక్కి, అమ్మ అక్కడుందని చెబితే కండక్టరు దింపుతాడని నా లెక్క. ఇన్నాళ్లు మంచం మీద ఉన్నదాన్ని, చెట్టు చెట్టునీ పట్టుకుంటూ నడిచాను. పూత వాసన ఘాటుగా తలకెక్కుతోంది. ఆకుల మీద జిగురు ఎండకి మెరుస్తోంది.

నాలుగు వరసలు దాటానో లేదో, నూనె వాసన.

మూడు రాళ్ల పొయ్యి దగ్గర గోడవతల అత్త కూర్చుని జంతికలు వేస్తోంది. కొత్త సంవత్సరానికి మళ్లీ వండుతోందన్నమాట. నన్ను చూసి ఆవిడ మొదట చేసిన పని ఏంటో తెలుసా? "దూరం పో" అనలేదు. పొయ్యిలో పుల్లలు బయటికి లాగేసి, మూకుడు దించేసింది. వాయి సగం వేగి ఉంది. అలాగే నూనెలో మెత్తబడిపోయింది. ఆ వాయి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

"గాలి ఇటేస్తోంది. నువ్వు అటు కూర్చో" అని నన్ను గాలి వచ్చే వైపున్న చెట్టు కింద గోనెపట్టా మీద కూర్చోబెట్టింది. తన పిల్లల్ని కేకేసి చిదుగులు ఏరుకు రమ్మని దూరం పంపింది. "ఏంటే, ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి."

 నాకిక కడుపులోది ఆగలేదు. "మాకు పెట్టకుండా ఇక్కడ దాక్కుని వండుకుంటున్నారంటగా. మమ్మల్ని వెలేశారంటగా."

"ఎవరన్నారు, పిన్నిగారా?" అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు నవ్విందో, ఏడ్చిందో నాకు తెలియలేదు. "ఓసి పిచ్చిదానా. మా వంటింటి పొగ మీ కిటికీలోకే గదే వచ్చేది. అమ్మవారున్న ఇంటికి నూనె వాసన తగలకూడదని మీ నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు? అందుకని ఇంత దూరం మోసుకొచ్చా. ఇక వేయించినవి తెచ్చి మీ గోడ మీద ఎలా పెట్టను?"

"మీరు అమ్మవారిని నమ్మరుగా?"

"నేను నమ్మను. పిన్నిగారు నమ్ముద్ది. ఆ ఇంట్లో మీ ఇద్దర్నీ చూసుకునేది ఆవిడ ఒక్కతే. ఆవిడ గుండె జారిపోతే మీ గతేంటి?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ చాలాసేపు ఏడవనిచ్చింది. తరవాత నెమ్మదిగా అంది. "బస్సు ఎక్కించమంటే ఎక్కిస్తా. డబ్బులు కూడా ఇస్తా. కానీ నీ మొహం మీద చెక్కులింకా రాలలేదు. వెళ్లగానే మీ అమ్మ నిన్ను వాటేసుకుని, ఆ చేతుల్తోనే పసిదాన్ని ఎత్తుకుంటది. ఆ పిల్లకి ఒంటి మీద చోటెక్కడుందే, ఇన్ని పొక్కులు పొయ్యడానికి?"

ఆ మాటతో నా బస్సు వెళ్లిపోయింది.

"కొత్త సంవత్సరానికి నేను చింతలపూడి మా అమ్మ వాళ్లింటికి వెళ్తున్నా. మీ చెల్లిని చూసొచ్చి అంతా చెబుతా, సరేనా?" అంది. లేచి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లలో నాయనమ్మ కాక నన్ను ముట్టుకున్న మనిషి ఆవిడే.

వెనక గుమ్మం దగ్గర నాయనమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. దెబ్బ నా వీపు మీద పడేలోపే నేను అరిచేశాను. "నూనె వాసన మనకి తగలకూడదనే తోటలో వండుతోంది! వెలెయ్యలేదు!"

చీపురు అలాగే గాల్లో ఆగిపోయింది. అత్త గుమ్మానికి దూరంగానే నిలబడి, తల దించుకుంది, తప్పు తనే చేసినట్టు. నాయనమ్మ ఆవిడ వంక చూడలేదు. కిందికి చూస్తూ, వాకిలి ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. చివరికి, "నుదురంతా మసి. తుడుచుకో అమ్మాయ్" అంది. తుడుచుకునేదాకా ఆగి, "రేపు ఇంట్లోనే వండుకో. ఈ మోతలేంటి, నడుములు పడిపోవడానికి? నేను కిటికీ మూసుకుంటాలే" అంది.

అన్నంత పనీ చేసింది. సంవత్సరం ఆఖరి రోజు పొద్దున్నే నా ఒక్క కిటికీకి తలుపులేసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. గదంతా చీకటి. బాట లేదు, నక్షత్రం తోక కూడా లేదు. మధ్యాహ్నానికి పెంకుల సందుల్లోంచి అరిసెల వాసన కమ్మగా దిగింది. తమ్ముడు ముక్కు ఎగబీల్చి, "నాయనమ్మా, వాసన" అన్నాడు.

"ఏం వాసన? నాకేం రావట్లేదు" అంది ఆవిడ. ఆవిడ ముక్కుపుటాలు కదలడం ఆ చీకట్లో కూడా నాకు కనిపించింది. "పడుకో తండ్రీ."

కొత్త సంవత్సరం వచ్చిన రెండో నాటి సాయంత్రం అత్త బస్సు దిగి నేరుగా మా కిటికీ దగ్గరికి వచ్చింది. నేను ఊచలకి మొహం ఆనించాను.

"చూశానే మీ చెల్లిని. ఎర్రగా ఉంది, జుట్టు నల్లగా ఇంత మందాన. ముక్కు నీదే. నిద్దట్లో మూతి ఇలా పెడుతోంది" అని మూతి పెట్టి చూపించింది.

లోపలి నుంచి నాయనమ్మ, "పాలు సరిపోతున్నాయంటనా?" అంది.

"సరిపోతున్నాయండీ."

"అమ్మ నా గురించి అడిగిందా?" అన్నాను.

"అడక్కుండా ఉంటదా? పిల్ల హాయిగా ఉంది, గోళీలాడుతోంది, అమ్మ ఊసే ఎత్తట్లేదు అని చెప్పా. మీ అమ్మ ఒకటే నవ్వు."

నాకు ఊచల్ని పీకేయాలనిపించింది. "ఊసే ఎత్తట్లేదని చెప్పావా? నేను అమ్మని తలుచుకోవట్లేదని చెప్పావా?"

"ఏం చెప్పమంటావే మరి?" అత్త గొంతు తగ్గించింది. "ఏడుస్తోందని చెబితే ఆగుద్దా?"

నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆ నెలంతా మాట్లాడలేదు. తమ్ముడికి నీళ్లు పోశాక, గుమ్మానికి మండలు తీసేశాక కూడా మాట్లాడలేదు. బడికి వెళ్తే పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయాయి. ఇంట్లో చాకిరీకి మనిషి కావాలని నాయనమ్మ అననే అంది, మధ్యలోనే మానిపించారు. దానికి నేనేం పెద్దగా ఏడవలేదు. అమ్మ నవ్విందన్న మాటే లోపల గుచ్చుకుంటూ ఉండేది.

మూడో నెల వచ్చాక అమ్మ చంటిదానితో దిగింది. అందరూ చెల్లి చుట్టూ మూగారు. నేను గాదె పక్కన నిలబడ్డాను. అమ్మ పిల్లని నాయనమ్మ ఒళ్లో పెట్టి, నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పింది. నుదుటి మీద, ముక్కు పక్కన మచ్చల్ని వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"బాగా గోళీలాడావంటగా?" అంది.

"నేనాడలేదు" అన్నాను. 

"తెలుసులే. పసిపిల్ల కనిపిస్తే చాలు, అడగకుండా ఎత్తుకునే మనిషి మీ గోడవతల అత్త. ఆ రోజు గుమ్మం అవతలే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడింది. లోపలికి రమ్మంటే బస్సు దుమ్మంది. అప్పుడే తెలిసింది నాకు, ఇక్కడ ఆటలమ్మ పోసిందని."

"మరి నవ్వావంటగా?"

"ఆవిడ అంత కష్టపడి నవ్విస్తుంటే నవ్వొద్దూ?"

"మరి ఎందుకు రాలేదు?"

 నాయనమ్మ ఒళ్లో చెల్లి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ అటు చూసింది, ఇటు చూసింది, నా గడ్డం మాత్రం వదల్లేదు. "బస్సు టైముకి రోజూ వీధి గుమ్మంలోకి వచ్చి కూర్చునేదాన్ని" అంది. "ఎక్కాలని లేచేదాన్ని. ఇది ఏడ్చేది."

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. అమ్మ లేదు, నాయనమ్మ లేదు, గోడవతల అత్త లేదు. ఆ గోడ కూడా కొట్టేసి ఎవరో మేడ కట్టారు. ఆ నెలంతా నేనూ తమ్ముడూ నాయనమ్మా, మేం ముగ్గురమే ఇరుక్కుని ఉన్నాం అనుకునేదాన్ని. చింతలపూడిలో వీధి గుమ్మంలో కూర్చున్న నాలుగో మనిషిని లెక్కలో వెయ్యలేదు. నాకు అమ్మ ఎప్పుడు గుర్తొచ్చినా, ఆ గుమ్మంలో కూర్చునే కనిపిస్తుంది. అమ్మ అలా కూర్చోవడం నేను చూడనే లేదు.